ఎవరు? ఏం చేశారు? దేన్ని?

ప్రతి శుక్రవారం మా మనవరాలు హాసిని బడి నుంచి ఒక కాగితం వస్తుంది. కాగితమని పేరే గానీ అది వాళ్ళమ్మ ఫోనుకు వస్తుంది. వాళ్ళమ్మ బెంగళూరులో ఆఫీసులో కూర్చుని దాన్ని నా ఫోనులోకి తోస్తుంది. నేను మూడంతస్తులు దిగి, హోసూరు ట్రాఫిక్‌లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటి, జెరాక్సు అంగడిలో ప్రింటు తీయించుకుని, మళ్ళీ మూడంతస్తులు ఎక్కి రావాలి. లిఫ్టు ఉంది. అది పనిచేసే రోజున నాకు కిందికి పోయే పని ఉండదు. పోయిన శుక్రవారం వచ్చిన కాగితంలో పది ఇంగ్లీషు వాక్యాలున్నాయి. ఒక్కొక్క దాంట్లో కర్త చుట్టూ సున్నా చుట్టాలి, క్రియ కింద రెండు గీతలు గీయాలి, కర్మ చుట్టూ పెట్టె కట్టాలి. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లల చేత ఇదే పని చేయించి, పెన్షను పుచ్చుకుని, ఇక ఈ సున్నాలూ పెట్టెలూ నన్ను వదిలాయని అనుకున్నాను. వదలలేదు.

హాసిని తెలివితక్కువ పిల్ల కాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, వాచ్‌మన్‌తో కన్నడం, ఫోనుతో ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. కానీ పెన్సిలు చేతికిస్తే చాలు, బుర్ర పక్కన పెట్టేస్తుంది. ‘ఆన్ సండే మై అంకుల్ బాట్ ఎ బైక్’ అని ఉంటే సండే చుట్టూ సున్నా చుట్టి నా మొహంలోకి చూసింది.

“సండే కొనిందా బైకు?” అన్నాను.

“మొదట్లో ఉండాది కదవ్వా.”

“మొదట్లో ఉంటే? ఎవురు కొనింది అని అడుక్కోవాల. ఎవురు?”

“అంకులు.”

“మరి సున్నా ఎవురికి చుట్టాల?”

రబ్బరుతో రుద్ది రుద్ది కాగితానికి చిల్లి పెట్టి, ఆ చిల్లి పక్కన అంకుల్‌కు సున్నా చుట్టింది. తర్వాతి వాక్యం, ‘ది విండో బ్రోక్’. కిటికీ పగిలింది. నేను అలవాటు కొద్దీ “ఎవురు?” అన్నాను. “ఎవురూ కాదు. అదే పగిలిపోయింది” అంది హాసిని. నాకెక్కడ లేని కోపం వచ్చింది. “అదే ఎట్ల పగులుతాది? ఎవురో ఒకరు చెయ్యందే ఎట్లయితాది? చేసినోళ్ళు నోరు మూసుకుని కూచుంటే అదే పగిలినట్లా?” అని పక్కింటికి వినపడేలా అరిచాను. నిజానికి వ్యాకరణం ప్రకారం పిల్ల చెప్పిందే రైటు. ఆ వాక్యంలో కిటికీయే కర్త, దానికి కర్మ లేదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, అది నాకు తెలియక కాదు.

“ఏంటికి మే ఆ పిల్ల మీద పడతావు?” అంది మా వదిన, మంచం మీద నుంచి.

మా వదిన కమలమ్మ, అంటే మా అన్న భార్య, కంటి ఆపరేషను చేయించుకుని పది రోజుల పాటు మా ఇంట్లో ఉండడానికి వచ్చింది. నల్ల అద్దాలు పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, మా ఇద్దరి గొడవా వింటోంది. పిల్ల మీద నేనెందుకు అరిచానో నాకు తెలుసు. ఆ మంచం మీద ఉన్న మనిషికి నేను చెప్పవలసిన మాట ఒకటి యాభై ఏళ్ళుగా నా గొంతులో ఉండిపోయింది. మా ఇంట్లో ఒక విడత పట్టుపురుగులన్నీ చచ్చిపోయాయి. నింద ఆమె మీద పడింది. చేసింది నేను. ఆమె వచ్చిన రోజు నుంచి పూటపూటా ఆమె కంట్లో మందు వేస్తూ ఈ పూట చెప్పేయాలనుకోవడం, మందు వేసి మూత బిగించి లేచిపోవడం, ఇదే నా పని. పది రోజుల్లో తొమ్మిది అయిపోయాయి.

మాది ఉద్దనపల్లి పక్కన పల్లె. ఇల్లు మాదని పేరు, కాపురం పురుగులది. నాలుగు గదుల్లో రెండు పెద్ద గదులు వాటివి. మనుషులు వంటింట్లోనూ వసారాలోనూ సర్దుకునేవాళ్ళం. గుడ్ల నుంచి పిల్ల పురుగులు లేచిన నాటి నుంచి గూళ్ళు కట్టేదాకా, ఇంచుమించు నెల రోజులు, ఆ ఇంట్లో పోపు వేయకూడదు, మిరపకాయలు వేయించకూడదు, పౌడరు పూసుకోకూడదు, మల్లెపూలు పెట్టుకోకూడదు, ఊదొత్తి వెలిగించకూడదు. పొరుగావిడ వాకిట్లో నిలబడి కేకేసి మాట్లాడాలే తప్ప లోపలికి రాకూడదు. గడప దగ్గర సున్నం చల్లి ఉండేది, అందులో కాళ్ళు అద్దుకుని పోవాలి. నాకొకసారి జలుబు చేసి ఛాతీకి బామ్ రాసుకున్నానని మా నాయన నన్ను రెండు రోజులు పశువుల కొట్టంలో ఉంచాడు. పురుగు ఒక పూట తల ఎత్తకపోతే మాత్రం ఇంటిల్లిపాదీ తట్టల చుట్టూ చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. తడి మల్బరి ఆకు వాసన, తట్టల కింద పేరుకున్న పురుగుల పెంట వాసన, సున్నం వాసన కలిసి నా జడకూ, నా పుస్తకాలకూ, మేం తినే అన్నానికీ పట్టి ఉండేవి. బళ్ళో నా పక్కన కూర్చోవడానికి రాయకోట నుంచి వచ్చే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంటి పెత్తనమంతా మా అవ్వది, నాయన వాళ్ళమ్మది. అవ్వకు పొగాకు నమలందే పొద్దు గడిచేది కాదు. కానీ పొగాకు పురుగుకు విషం. పొగాకు తగిలిన చెయ్యి ఆకుకు తగిలినా పురుగు బతకదని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకని విడత మొదలైన రోజున అవ్వ తన పొగాకు కట్టను చిన్న గంపలో పెట్టి, పైన గుడ్డ కప్పి, పశువుల కొట్టం అటక మీదికి ఎక్కించేది. గూళ్ళు దించాకనే అది మళ్ళీ కిందికి దిగేది. ఆ నెల రోజులూ అవ్వతో వేగడం ఎవరి వల్లా అయ్యేది కాదు. నోట్లో పొగాకు లేని కసి అంతా మాటల్లోకి వచ్చేది. ఆవును తిట్టేది, ఆకును తిట్టేది, పొయ్యిలో మండని కట్టెను పేరు పెట్టి తిట్టేది. పురుగులను మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు.

పిల్ల పురుగులకు మొదటి ఆకు ఎవరు పడితే వాళ్ళు వేయరు. చేతిగుణం ఉన్న ఆడమనిషి వేయాలి. లేత ఆకును సన్నగా తరిగి, నువ్వుగింజంత కూడా లేని పురుగుల మీద పడీ పడనట్లు చల్లాలి. అమ్మ పోయాక ఆ పని అవ్వ చేసేది. వదిన కాపురానికి వచ్చిన మొదటి విడతలోనే అవ్వ తరిగిన ఆకు పళ్ళెం ఆమె చేతికిచ్చింది. ఆ విడత తట్టకు ఒక్క పురుగు కూడా వృథా కాలేదు. ‘దాని చెయ్యి మంచిది’ అని అవ్వ ఊరంతా చెప్పుకుంది. మా ఇంట్లో ఒక మనిషికి దక్కే మాటల్లో అంతకన్నా పెద్దది లేదు. వదినది అంచెట్టి వైపు అడవి పల్లె. రోజుకొక బస్సు వస్తే వచ్చినట్లు. మా వాళ్ళు మొదట్లో ‘అడివి పిల్ల’ అని ఎగతాళి చేశారు గానీ, ఆమె డెంకణికోటలో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివింది. మా అన్న ఐదుతో ఆపేశాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

మా నాయన కోడలితో నేరుగా మాట్లాడేవాడు కాదు. అది మా వైపు మర్యాద. ఆమె ఎదురుగా నిలబడి ఉన్నా సరే, “రాజీ, నీళ్ళు కాగినాయేమో మీ వదిన్ని అడుగు” అనేవాడు. నేను తల తిప్పి “వదినా, నీళ్ళు కాగినాయా?” అనేదాన్ని. ఆమె “కాగినాయని చెప్పు” అనేది. నేను మళ్ళీ తల తిప్పి “కాగినాయంట” అనేదాన్ని. వాళ్ళిద్దరి మధ్యా మూడడుగుల దూరం కూడా ఉండేది కాదు. ఆట మధ్యలో, అన్నం మధ్యలో, చదువు మధ్యలో నన్ను పిలిచి ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోయించేవాళ్ళు. నేను బడికి పోయిన వేళ వాళ్ళిద్దరూ ఎలా నెట్టుకొచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఆవు ద్వారా చెప్పించుకుని ఉంటారు.

ఇక ఆ ఇంగ్లీషు సంగతి. మాది తెలుగు బడి. ఇంగ్లీషు సారు కృష్ణగిరి నుంచి బస్సులో వచ్చేవాడు, బస్సు మీది కోపం మా మీద తీర్చుకునేవాడు. కర్తకు ఎరుపు, క్రియకు నీలం, కర్మకు పచ్చ, మూడు రంగుల పెన్సిళ్ళతో గీతలు గీసుకుని రమ్మనేవాడు. మా ఊళ్ళో మూడు రంగుల పెన్సిళ్ళున్న కొంప ఒక్కటీ లేదని ఆయనకు తట్టలేదు. దానికి ఉపాయం వదినే చెప్పింది. ఎరుపుకు కుంకుమ తడిపి పుల్లతో గీయించింది. నీలానికి పంచెలకు పెట్టే నీలిమందు. పచ్చకు మల్బరి ఆకు పసరు. నా నోటుబుక్కు మూడు రోజులకే చీమలు పట్టి, వాసన కొట్టి, పేజీలు అంటుకుపోయి సారు చేత ఛీ అనిపించుకుంది. గీతలు మాత్రం ఉండవలసిన చోటే ఉన్నాయి.

అవి ఉండవలసిన చోట ఉండడం నాకు ఊరికే రాలేదు. మన మాటలో పురుగు ఆకు తినిందన్నా, ఆకు పురుగు తినిందన్నా, వినేవాళ్ళకు బుద్ధి ఉంటుంది కాబట్టి ఎవరు ఎవర్ని తిన్నారో తెలుస్తుంది. ఇంగ్లీషువాళ్ళకు వినేవాళ్ళ బుద్ధి మీద బొత్తిగా నమ్మకం లేదు. మాట అటుది ఇటు పెడితే చాలు, కొంప మునుగుతుంది. నేను ‘ది లీఫ్ ఈట్స్ ది వర్మ్’ అని రాసుకుపోతే సారు నన్ను బెంచీ ఎక్కించి పదిసార్లు చదివించాడు. ఆ సాయంత్రం ఏడుస్తూ ఇంటికొస్తే వదిన నన్ను పురుగులింట్లో తట్ట పక్కన కూర్చోబెట్టింది. ఒక ఆకు తీసి పురుగు ముందు పెట్టింది. “మొదట ఎవురు అని అడుగు. దానికి జవాబు దొరికేదాకా ముందుకు పోవద్దు. ఎవురు అని తెలిస్తే, ఏం చేసినారు, దేన్ని చేసినారు, అదంతా దానంతట అదే వస్తాది” అంది. పురుగు ఆ ఆకును అంచు నుంచి కొరుక్కుంటూ పోయింది. తర్వాత ముప్పై ఏళ్ళు సామల్పట్టిలో రైలు దిగి నడిచిపోయే బళ్ళోనూ, ఇంకా నాలుగైదు బళ్ళలోనూ నేను చెప్పిన పాఠం అంతా ఆ ఒక్క మాటే. పిల్లలు అది నేను కనిపెట్టిందనుకునేవాళ్ళు, నేను కాదనలేదు.

పురుగులు నాలుగో జ్వరం లేచిన రోజులు అవి. ఒళ్ళు విడిచి కొత్త తోలుతో లేవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగోసారి లేచిన పురుగుకు ఆకలి అంతా ఇంతా కాదు. గది బయట నిలబడినా ఆకు కొరికే చప్పుడు చినుకులు పడుతున్నట్లు వినపడేది. ఎంత ఆకు తెచ్చినా చాలేది కాదు. మర్నాడు నాకు సారు పరీక్ష, పది వాక్యాలు, మూడు రంగులు. నాయన నన్నూ వదిననూ మధ్యాహ్నం తోటకు తోలాడు. కోసిందే కోసి, మోసిందే మోసి, చెరి నాలుగు గంపలు తెచ్చాక నా గంప అడుగు ఊడిపోయింది. నాది ఇంకొక్క మోత మిగిలి ఉంది, వదిన అప్పటికే వంటింట్లోకి పోయింది. పొరుగింట్లో గంప అడిగి తెచ్చుకోవాలంటే వాళ్ళ కబుర్లన్నీ వినాలి. అక్కడ నా పుస్తకం కాచుకుని ఉంది. నేను పశువుల కొట్టం అటక ఎక్కాను. అవ్వ పొగాకు కట్టను గుడ్డతో సహా తీసి పక్కన పెట్టాను. గంపను మోకాలికేసి రెండుసార్లు దులిపాను. నాకు తెలియదా అంటే తెలుసు. మా ఊళ్ళో పిల్లలకు అక్షరాల కంటే ముందు తెలిసేది ఆ సంగతే. దులిపాను కదా అనుకున్నాను. ఆకు తెచ్చి గదిలో తడి గోనె కింద కుమ్మరించి, గంపను గడ్డివామి వెనక్కి తోసి, కుంకుమా నీలిమందూ ముందేసుకుని కూర్చున్నాను.

తెల్లవారేసరికి తట్టల్లో పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊగుతున్నాయి. నోటి నుంచి పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. అన్న ఒక తట్ట చూసి, ఇంకొక తట్ట చూసి, నాయనను పిలిచాడు. నాయన వచ్చి ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని వాసన చూశాడు. ఇంట్లో ఉండలేక నేను బడికి పారిపోయాను. పదికి పది వచ్చాయి. సారు జీవితంలో మొదటిసారి నన్ను గుడ్ అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్న తట్టలన్నీ దింపి గుంటలో పోసేశాడు. ఆకు కొరికే చప్పుడు లేని ఆ ఇల్లు నాకు ఎవరి ఇల్లో అనిపించింది. వాకిట్లో బండ దగ్గర వదిన నిలబడి ఉంది. ఆమె చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి, బూడిదా చింతపండూ అంటుకుని ఉన్నాయి. అవ్వ చేతిలో తోమి కడిగిన ఆ చిన్న గంప, నీళ్ళు కారుతున్నాయి.

“నా పొగాకు గంప నీ చేతికి ఎట్ల వచ్చింది?” అంటోంది అవ్వ. ఎన్నిసార్లు అడిగిందో, గొంతు బొంగురుపోయింది. “కడగాల్సిన పనేముండాది నీకు? చెప్పు మే! నువ్వు నిన్న దీంట్లో ఆకు తెచ్చినావా, లేదా?”

వదిన నోరు విప్పలేదు. అన్న గోడకు ఆనుకుని ఆమెను చూడకుండా నిలబడ్డాడు. నాయన వసారాలో కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. నా అలికిడి విని తల ఎత్తాడు.

“రాజీ,” అన్నాడు. “మీ వదినకు చెప్పు. ఇంగ పురుగులింట్లోకి కాలు పెట్టొద్దని చెప్పు.”

ఆమె అక్కడే ఉంది. నేను పుస్తకాల సంచీ భుజాన ఉండగానే తల తిప్పాను. “వదినా, ఇంగ పురుగులింట్లోకి కాలు పెట్టొద్దంట” అన్నాను. ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను వేరే వైపు చూశాను.

“సరేనని చెప్పు” అంది.

నేను నాయన వైపు తిరిగి “సరేనంట” అన్నాను.

ఆ రోజు నుంచి ఆమె ఆ గదుల గడప తొక్కలేదు. ఆమెకు పశువులూ పొలమూ అప్పజెప్పారు. ఆకు కోసి తెచ్చి గడప బయట పోసి వెనక్కి తిరిగేది. ‘చెయ్యి మంచిది’ అని ఊరంతా చెప్పిన అవ్వే ‘చెయ్యి మంచిది కాదు’ అని కూడా చెప్పింది, ఈ రెండో మాట ఇంకా త్వరగా పాకింది. ఊళ్ళో పెళ్ళిళ్ళకు పసుపు దంచేటప్పుడు రోకలి పట్టమని ఆమెను ఎవరూ పిలవలేదు. బంతిలో అందరితో పాటు కూర్చుని, తిని, లేచి వచ్చేది. నా చదువు మాత్రం ఆమె వదల్లేదు. పురుగులింటి బయట గట్టు మీద కూర్చోబెట్టి పదో తరగతి దాకా ఇంగ్లీషు చదివించింది. నేను కృష్ణగిరిలో ట్రైనింగు చేశాను, టీచరునయ్యాను. నాయన పోయినప్పుడు చెబుదామనుకున్నాను, చావింట్లో ఎందుకని ఊరుకున్నాను. అవ్వ అంతకుముందే పోయింది. వదిన కొడుకు పెళ్ళిలో చెబుదామనుకున్నాను, పెళ్ళింట్లో ఎందుకని ఊరుకున్నాను. చావుకూ పెళ్ళికీ మధ్య పనికొచ్చే రోజు ఒక్కటి నాకు యాభై ఏళ్ళల్లో దొరకలేదు. నా మీద నాకే ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు పురుగులు ఇంట్లో ఉండవు. అన్న కొడుకు తోటలోనే పెద్ద షెడ్డు కట్టాడు. వెదురు తట్టలు పోయి ఇనుప స్టాండ్లు వచ్చాయి. గుడ్లు పొదిగించే బాధ లేదు, రెండు జ్వరాలు లేచిన చాకీ పురుగులను వ్యానులో తెచ్చి ఇస్తారు. లోపల ఎంత వేడి ఉందో ఫోను చెబుతుంది. ఇంట్లో మనుషులు పోపు వేసుకుంటున్నారు, ఊదొత్తి వెలిగించుకుంటున్నారు, నాలుగు గదుల్లోనూ కాళ్ళు చాపుకుని పడుకుంటున్నారు. ఇవన్నీ మారినందుకు నాకు సంతోషమే, ఆ బతుకు మళ్ళీ కావాలని నేను ఎన్నడూ అనను. కానీ షెడ్డు గడప దగ్గర సున్నం అలాగే ఉంది. వ్యాను వచ్చిన రోజున మొదటి ఆకు అన్న కోడలు వేస్తుంది. వదిన ఆకు మోపు తెచ్చి షెడ్డు తలుపు దగ్గర దించి వెనక్కి తిరుగుతుంది. పొమ్మనేవాళ్ళు లేరు, రమ్మనేవాళ్ళూ లేరు. ఇన్ని మార్చినవాళ్ళు దాన్ని ఎందుకు మార్చలేదంటే, మార్చవలసిన మాట నా నోట్లో ఉంది కాబట్టి.

హాసిని మీద అరిచిన శుక్రవారం సాయంత్రం, మందు వేళ అయిందని నేను చుక్కల సీసా తీసుకుని మంచం దగ్గరికి పోయాను. వదిన అద్దాలు తీసింది. ఆపరేషను చేసిన కన్ను ఎర్రగా ఉంది, రెండోది మూసుకుంది. ఆ కంటికి నేను సరిగా కనపడనన్న ధైర్యంతో కాబోలు, రెప్ప పైకి లాగి పట్టుకుని అనేశాను.

“వదినా, ఆ పొగాకు గంపలో ఆకు తెచ్చింది నేను.”

చుక్క చెంప మీద పడింది.

“కంట్లో ఎయ్యి మే” అంది వదిన. “చెంప మీద ఏస్తే కన్ను బాగయితాదా?”

“నేను చెప్పింది ఇన్నావా?”

“ఇన్నాను. తెల్సు.”

“తెల్సా?”

“తెలీకుంటే ఆ గంప ఏంటికి కడుగుతాను?” ఆమె గొంతులో కోపం లేదు, ఒక మొద్దు పిల్లకు పాఠం చెప్పే విసుగు ఉంది. “గడ్డివామి వెనకాల కనపడింది. వాసన చూసినాను. నువ్వు ఏది దాచినా ఆడనే కదా దాచేది. బడి నుంచి నువ్వు వచ్చే లోపల కడిగేసి అటక మీద పెట్టేద్దామనుకుంటి. మీ అవ్వ చూసేసింది.”

“మరి నువ్వు ఏంటికి చెప్పలే?”

“నువ్వు చెప్తావని చూస్తి” అంది. “సాయంత్రానికి చెప్తాదిలే అనుకుంటి. నాయన కోపం దిగినాక చెప్తాది అనుకుంటి. పదో తరగతి అయినాక చెప్తాది అనుకుంటి. నీకు ఉద్యోగం వచ్చినాక ఇంగ అనుకునేది మానేస్తి.”

నాకు ఏడుపు ఆగలేదు. సీసా పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. “ఏడుస్తావేంటికి? నాకు తెల్సిన మాట నాకు చెప్పి ఏడిస్తే ఏమొస్తాది? వినాల్సినోళ్ళకు చెప్పు.”

“నాయనా అవ్వా ఇద్దరూ లేరు కదా వదినా.”

“మీ అన్న ఉండాడు కదా. ఈ పొద్దు దాకా ఆయన మనసులో నా చెయ్యి మంచిది కాదనే ఉండాది. బయటికి అనడు. మొదటాకు ఏసే పొద్దు నా పక్క చూడడు. అంతే.”

నేను ఫోను తీశాను. అన్నకు చెవులు సరిగా వినపడవు, అందుకని స్పీకరు పెట్టాను. షెడ్డులో ఉన్నట్లున్నాడు, ఫ్యాన్ల హోరు.

“అన్నా, నేను రాజీని. ఆ పొద్దు పురుగులు చచ్చిపోయినాయి కదా, అప్పుడు పొగాకు గంపలో ఆకు తెచ్చినారు కదా…”

“ఎవురు?” అన్నాడు అన్న.

“అదే, నాలుగో జ్వరం లేచినాక. ఆకు తెచ్చినారు కదా…”

“ఎవురు తెచ్చింది? సరిగా చెప్పమ్మా, నాకు ఇనపడలే. ఎవురు?”

హాసిని పెన్సిలు నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. ముప్పై ఏళ్ళు టీచరుగా ఉండి, ఇంత ముసలితనంలో, నేను ఆ వాక్యంలోంచి నన్ను తప్పించుకుని మాట్లాడుతున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

“నేనే!” అని అరిచాను. “నేనే తెచ్చినాను. పొగాకు గంపలో ఆకు నేనే తెచ్చినాను. వదిన కాదు. వదిన ఆ గంప ముట్టింది కడిగేదానికే.”

ఎదురింటావిడ తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకుంది. అన్న షెడ్డు బయటికి వచ్చినట్లున్నాడు, ఫ్యాన్ల హోరు తగ్గింది.

“అప్పుడే చెప్పింటే ఏమయ్యేది రాజీ?” అన్నాడు అన్న చివరికి. “నాయన నాలుగు తగిలించింటాడు. అంతే కదా.”

అంతే. నాలుగు దెబ్బలు. నేను తప్పించుకున్నది అంత, ఆమె మోసింది ఇంత.

“ఆమెకు చెప్పు,” అన్నాడు అన్న. “బుధవారం చాకీ పురుగులు వస్తాండాయి. మొదటాకు ఆమెనే ఏయాలని చెప్పు.”

ఆమె నా చేతికందే దూరంలో ఉంది. ప్రతి మాటా వింటోంది. నా తల దానంతట అదే ఆమె వైపు తిరిగింది, నోరు తెరుచుకుంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

“నేను చెప్పను” అన్నాను. “నువ్వే చెప్పు.” ఫోను వదిన చేతిలో పెట్టాను.

అన్న చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. “ఇన్నావు కదా” అన్నాడు.

“ఇన్నాను” అంది వదిన.

“బుధవారం రాగలవా?”

“నెల దాకా దుమ్ములోకి పోవద్దన్నాడు డాక్టరు. ఈ విడతకు కాదు. వచ్చే విడతకు చూస్తాము” అంది. ఫోను నాకిచ్చేసింది. తర్వాత రెండు చేతులూ మొహానికి దగ్గరగా తెచ్చుకుని, మంచి కన్ను తెరిచి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“చేతులు వణుకుతాండాయి రాజీ” అంది. “సన్నాకు చల్లాలంటే చెయ్యి నిలకడగా ఉండాల.”

ఇది పదేళ్ళ ముందు చెప్పి ఉన్నా, అప్పటికి ఆ చేతులు ఇంకా నిలకడగానే ఉండేవి.

“నేను వస్తాను వదినా,” అన్నాను. “నీ పక్కనే ఉంటాను. ఆకు గంప నేను పట్టుకుంటాను, నువ్వు మెల్లగా ఎయ్యి.”

వదిన నల్ల అద్దాలు తీసి పెట్టుకుంది.

“రా. పక్కన ఉండు,” అంది. “గంప మాత్రం ముట్టొద్దు.”